బాపట్ల విత్తనం రేపు ఎవరి సొత్తు?

సవరించిన సాంబ మసూరి వస్తోంది. దిగుబడితోపాటు హక్కుల సంగతీ రైతులు అడగాలి

కృష్ణా పశ్చిమ డెల్టాలో బి.పి.టి. ధాన్యం తెలియని ఇల్లు లేదు. తెనాలి మిల్లుల దగ్గరా, రేపల్లె కళ్లాల్లోనూ, పెళ్లి భోజనాల దగ్గరా ఆ పేరు వినిపిస్తూనే ఉంటుంది. అయితే ఆ మూడక్షరాలు బాపట్ల అనే ఊరి పేరుకు పొట్టి రూపమని మన కుర్రకారులో చాలామందికి తెలియదు. బాపట్ల వరి పరిశోధన కేంద్రం తయారు చేసిన బి.పి.టి. 5204 రకం 1986లో విడుదలైంది. సాంబ మసూరి అని మనం పిలుచుకునేది దాన్నే.

ఆ బాపట్ల విత్తనానికి ఇప్పుడు కొత్త రూపం ఇచ్చారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ప్రయోగశాలలో సాంబ మసూరి జన్యువును సవరించి మరో రకం తయారు చేశారు. దాని పేరు డి.ఆర్.ఆర్. ధాన్ 100. వాడుక పేరు కమల. కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025 మే 4న ఢిల్లీలో ఆ రకాన్ని ప్రకటించారు. అదే సభలో మన డెల్టా రైతులకు బాగా పరిచయమైన కాటన్‌దొర సన్నాలు, అంటే ఎం.టి.యు. 1010 రకాన్ని సవరించి చేసిన పూసా డి.ఎస్.టి. రైస్ 1నూ ప్రకటించారు. జన్యు సవరణతో వరి రకాలు ప్రకటించడం దేశంలో అదే మొదటిసారి. రెండింటికీ తల్లి రకాలు మన కోస్తా జిల్లాలవే కావడం గమనార్హం.

కొత్త రకం అనగానే రైతు మొదట అడిగేది ఎకరానికి ఎన్ని బస్తాలు అని. ఆ తర్వాత పురుగు సంగతి, ధర సంగతి. ఈసారి మరో ప్రశ్న కూడా అడగవలసి ఉంది. ఈ విత్తనం మీద హక్కు ఎవరిది? పంట పోతే బాధ్యత ఎవరిది? పత్తిలో ఈ ప్రశ్న ఆలస్యంగా అడిగినందుకు తెలుగు రైతు ఎంత మూల్యం చెల్లించాడో మనకు తెలిసిందే. వరిలో ఆ పొరపాటు జరగకూడదు.

కళ్లం నుంచి కళ్లానికి

సాంబ మసూరి పుట్టుకలో మూడు ప్రాంతాల రక్తం ఉంది. కోయంబత్తూరులో ఎంపిక చేసిన జి.ఇ.బి. 24, తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1, మలేషియాలో తయారైన మసూరి అనే రకాలను సంకరపరచి, ఏళ్ల తరబడి మొక్కలను ఏరి, ఏరినవాటిని మళ్లీ ఏరి బాపట్ల శాస్త్రవేత్తలు దీన్ని నిలబెట్టారు. ప్రజల సొమ్ముతో, ప్రభుత్వ భూమిలో జరిగిన పని అది.

ఆ విత్తనం ఊళ్లకు చేరిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. మొదట్లో పరిశోధన కేంద్రం నుంచీ, విత్తనాభివృద్ధి సంస్థ నుంచీ కొద్ది సంచులు వచ్చాయి. మిగతాది రైతులే చేశారు. "బాబాయ్, మీ కళ్లంలో రెండు బస్తాలు విత్తనానికి ఆపు" అని ఒకరంటే, "అట్టాగేలేరా, కేళీలు ఏరించాను, కల్తీ లేదు" అని మరొకరు అన్నారు. బస్తాకు బస్తా మార్చుకున్నారు, లేదా ధాన్యం ధర మీద కాస్త ఎక్కువిచ్చి తెచ్చుకున్నారు. తెలంగాణకూ, కర్ణాటకకూ, తమిళనాడుకూ అది వెళ్లింది. బాపట్లకు ఎవరూ కప్పం కట్టలేదు. బాపట్ల వాళ్లు అడగనూ లేదు.

వరి తన పువ్వుతో తానే గింజ కడుతుంది. అందుకే మామూలు వరి రకాన్ని శుభ్రంగా దాచుకుంటే మూడు నాలుగేళ్లు అదే పంట వస్తుంది. హైబ్రిడ్ మొక్కజొన్న, హైబ్రిడ్ పత్తి అలా కాదు. దాచిన గింజ వేస్తే మొలుస్తుంది కానీ ఒక మొక్కకూ మరొక మొక్కకూ పొంతన ఉండదు, దిగుబడి పడిపోతుంది. కంపెనీలు హైబ్రిడ్ల మీద మక్కువ చూపడానికి కారణం ఇదే. రైతు ఏటా కొట్టుకు రాక తప్పదు. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు వరి కోశాక మినుముకు బదులు మొక్కజొన్న వేస్తున్న రైతులకు ఈ సంగతి అనుభవమే. మినుము విత్తనం ఇంట్లో దొరికేది. మొక్కజొన్న విత్తనం ప్రతి ఏడూ సంచి కొనవలసిందే.

విత్తనం మొలవకుండా చేసే టెర్మినేటర్ విద్య గురించి 1998లో దేశమంతా కలకలం రేగింది. కర్ణాటకలో రైతులు ప్రయోగాత్మక పత్తి చేలను తగలబెట్టారు. ఆ విద్యతో చేసిన విత్తనం ఇంతవరకూ ఎక్కడా మార్కెట్లోకి రాలేదు. మన 2001 నాటి చట్టం అలాంటి రకాన్ని నమోదు చేయరాదని నిషేధించింది కూడా. కాబట్టి మొలకే రాదన్న భయం అక్కరలేదు. మొలిచే విత్తనాన్ని దాచుకునే హక్కు నిలుస్తుందా లేదా అన్నదే చూసుకోవాలి.

కమలలో ఏం మార్చారు?

జన్యుమార్పిడి వేరు, జన్యు సవరణ వేరు. బీటీ పత్తిలో నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును తెచ్చి పత్తి మొక్కలో కలిపారు. అది జన్యుమార్పిడి. కమలలో బయటి జన్యువును ఉంచలేదని సంస్థ చెబుతోంది. వరి వెన్నులో గింజల సంఖ్యకు పగ్గం వేసే జన్యువు ఒకటి సాంబ మసూరిలోనే ఉంది. క్రిస్పర్ అనే కత్తెర లాంటి పద్ధతితో ఆ జన్యువును ఒకచోట కత్తిరించి దాని పని తగ్గించారు. పగ్గం వదులైంది కాబట్టి వెన్నుకు గింజలు ఎక్కువ కడతాయి. కత్తెర పని ముగిశాక దాన్ని తర్వాతి తరాల్లో ఏరివేశామంటున్నారు.

2023, 2024 సంవత్సరాల్లో వివిధ రాష్ట్రాల్లో పరీక్షించగా కమల సగటున హెక్టారుకు 5.37 టన్నులు, మామూలు సాంబ మసూరి 4.5 టన్నులు ఇచ్చాయని భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటించింది. మన లెక్కలో ఎకరానికి 75 కిలోల బస్తాలు 29, 24 అన్నమాట. ఇది రకరకాల నేలల్లో వచ్చిన సగటు. కాలం కలిసొచ్చిన ఏడు మన డెల్టాలో ఇంతకన్నా ఎక్కువ పండించేవారు లేకపోలేదు. కనుక బస్తాల అంకెకన్నా రెంటి మధ్య తేడానే రైతులు చూడాలి.

రెండో లాభం మనకు మరీ ముఖ్యం. కమల 20 రోజులు ముందు, సుమారు 130 రోజులకే కోతకు వస్తుందంటున్నారు. కాలువ చివరి భూములకు నీరు ఆలస్యంగా వస్తుంది, నాట్లు ఆలస్యమవుతాయి. కోతలు నవంబరు, డిసెంబరు తుపాన్ల నోట్లో పడతాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన చేలూ, పనల మీద ఉన్న వరీ నీటి పాలయ్యాయి. పంట 20 రోజులు ముందు ఇంటికి చేరితే అటువంటి ఏడాదిలో అప్పుల పాలయ్యే రైతు గట్టెక్కవచ్చు. రెండో పంట మినుముకో మొక్కజొన్నకో అదును కూడా దొరుకుతుంది. కాబట్టి ఈ విత్తనాన్ని చూడకుండానే వద్దనడం న్యాయం కాదు.

రేపల్లె ఉప్పు నేలల ఆశ

రేపల్లె, నిజాంపట్నం వైపు సముద్రపు పాటు భూములున్న రైతులకు రెండో రకం మీద ఆశ ఉంటుంది. పూసా డి.ఎస్.టి. రైస్ 1 నీటి ఎద్దడినీ ఉప్పునూ తట్టుకుంటుందని దాన్ని తయారు చేసిన ఢిల్లీ పూసా సంస్థ చెబుతోంది. తీర ప్రాంతపు ఉప్పు నేలల్లో మామూలు కాటన్‌దొర సన్నాలు హెక్టారుకు 1,912 కిలోలు ఇచ్చినచోట ఇది 2,493 కిలోలు ఇచ్చిందని ప్రకటన. ఎకరానికి పది బస్తాల చోట పదమూడున్నర వచ్చాయన్నమాట. శాతంలో చూస్తే 30 దాటిన మాట నిజమే. రైతు జేబులో చూస్తే మూడు బస్తాల తేడా. సంచి మీద ఎంత శాతం అని వేసినా, ఎన్ని బస్తాల మీద అంత శాతమో అడగడం మనం అలవాటు చేసుకోవాలి.

ఉప్పు నేలలకు ఇదొక్కటే దారి కూడా కాదు. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన కేంద్రం మామూలు సంకర పద్ధతిలోనే ఎం.సి.ఎం. 100 వంటి చౌడును తట్టుకునే వరి రకాలను ఇచ్చింది. బాపట్లలో ఉప్పు నీటి వాడకంపై చాలా ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. ఇసుక నేలల్లో ఉప్పు నీటి మీద తేలే తీపి నీటిని మాత్రమే తోడుకునే మెరుగుపరచిన దొరువులు అక్కడివే. 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరి ఇంకో ఉదాహరణ. ఎండాకు తెగులును తట్టుకునే గుణాన్ని జన్యుగుర్తుల సాయంతో, మామూలు సంకరం ద్వారానే అందులోకి తెచ్చారు. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. కలిసి చేసిన పని అది. కొత్త కత్తెర దొరికిందని పాత పనిముట్లకు నిధులు ఆపితే నష్టపోయేది మనమే.

పత్తి చెప్పిన పాఠం

వరిలో ఇది కొత్త కావచ్చు. పత్తిలో రైతులు ఈ దారి నడిచి ఇరవై ఏళ్లు దాటింది. అందుకు ముందు సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 1987-88 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, పచ్చపురుగు పత్తిని ఊడ్చేశాయి. మందు మీద మందు కొట్టి అప్పుల్లో మునిగిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అటువంటి చోట మందు ఖర్చు తగ్గించే విత్తనం వస్తుందంటే రైతు చెయ్యి చాచడంలో వింత లేదు.

2002 మార్చి 26న కేంద్ర జన్యు ఇంజనీరింగు ఆమోద సంఘం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. మహారాష్ట్రకు చెందిన మహికో, అమెరికాకు చెందిన మోన్‌శాంటో కలిసి పెట్టిన కంపెనీ జన్యువుతో మెక్ 12, మెక్ 162, మెక్ 184 అనే మూడు హైబ్రిడ్లు బజారుకు వచ్చాయి. వరంగల్లు జిల్లాలో ఆ పంట దెబ్బతింది. నష్టపరిహారంపై రాష్ట్ర ప్రభుత్వానికీ కంపెనీకీ వివాదం నడిచింది. చివరకు 2005లో ఆ మూడు హైబ్రిడ్లకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి అదే సంఘం నిరాకరించింది. ఒకసారి అనుమతి వచ్చిందంటే ప్రతి నేలకూ సరిపోతుందని అర్థం కాదని అప్పుడే తేలింది.

తర్వాత ఇతర కంపెనీలు ఆ జన్యువును కొనుక్కుని తమ హైబ్రిడ్లలో కలిపాయి. వాటిలో కొన్ని బాగా పండాయి. కాయతొలుచు పురుగుకు మందు కొట్టడం కొన్నేళ్లు తగ్గింది. పత్తి చేలు దాదాపు అన్నీ బీటీ అయ్యాయి. దానితో ధర చెప్పేవాడిదే రాజ్యమైంది. 450 గ్రాముల డబ్బా 1,600 రూపాయల పైన పలికింది. అందులో 1,250 రూపాయలు జన్యువు యాజమాన్య రుసుము కిందే పోయేది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపార నిరోధక కమిషన్‌కు వెళ్లింది. రుసుము తగ్గించాలని మే నెలలో కమిషన్ ఆదేశించింది. ఆ వెంటనే ప్రభుత్వం డబ్బా ధర 750 రూపాయలుగా నిర్ణయించింది. 2007లో పత్తి విత్తనాల ధరల నియంత్రణకు చట్టమూ చేసింది. 2015 చివర్లో కేంద్రమే దేశమంతటికీ ధర నిర్ణయించే ఉత్తర్వు తెచ్చింది. 2020కి ఆ రుసుమును పూర్తిగా ఎత్తివేసింది.

ఈ లోగా పురుగు ఊరుకోలేదు. బీటీ తిని బతకగలిగే గులాబీ రంగు పురుగు తయారైంది. గుజరాత్‌లో మొదటి తరం బీటీకి అది లొంగడం లేదని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత రెండో తరం బీటీకీ అదే గతి పట్టింది. పురుగు త్వరగా అలవాటు పడకుండా పొలం చుట్టూ మామూలు పత్తి వేయాలని ప్రతి డబ్బాతో 120 గ్రాముల వేరే విత్తనం ఇచ్చేవారు. అది ఎందుకో చెప్పిన నాథుడు లేడు. చాలామంది గట్టు మీద పారేశారు. విత్తనం అమ్మినంత శ్రద్ధగా దాన్ని వాడే పద్ధతి చెప్పకపోతే తప్పు రైతుది ఒక్కడిదే అనగలమా?

అనుమతి లేని సరుకు వ్యవహారం ఇంకొకటి. కలుపు మందు కొట్టినా చావని పత్తికి దేశంలో అనుమతి లేదు. అయినా దొంగచాటుగా అమ్ముతున్నారు. కేంద్రం 2017లో వేసిన కమిటీ మన రాష్ట్రంతో సహా నాలుగు రాష్ట్రాల్లో పత్తి విస్తీర్ణంలో సుమారు 15 శాతం అటువంటిదేనని అంచనా వేసింది. ఆ విత్తనానికి బిల్లు ఉండదు, సంచి మీద పేరుండదు. పంట పోతే అడగడానికి మనిషి ఉండడు.

చెప్పి వేయించాలి

బీటీ పత్తిలాంటి జన్యుమార్పిడి పంటకు 1989 నాటి కేంద్ర నియమాల ప్రకారం అనేక పరీక్షలు, అనుమతులు కావాలి. జన్యు సవరణ పంటల్లో బయటి జన్యువు లేనివాటికి ఆ నియమాల్లోని ముఖ్యమైన భాగాల నుంచి 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. కమల ఆ దారినే వచ్చింది. ఇటువంటి మార్పు ప్రకృతిలో దానంతటదే కూడా జరగవచ్చు కాబట్టి భయం లేదని శాస్త్రవేత్తల వాదన. కత్తెర అనుకోని చోట కూడా కోయవచ్చు, కనుక పరీక్ష వివరాలన్నీ బయట పెట్టాలని జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాల కూటమి 2025 మేలోనే కోరింది. మండలి సొంత ప్రయోగ నివేదికలకూ ప్రకటించిన దిగుబడికీ పొంతన లేదని కూడా ఆ కూటమి తర్వాత ఆరోపించింది. మండలి ఆ ఆరోపణను తోసిపుచ్చింది.

వీరిలో ఎవరిది నిజమో ఊళ్లో కూర్చుని మనం తేల్చలేం. కానీ రెండు పక్షాల మాటా వినే హక్కు మనకుంది. 2010లో బీటీ వంకాయ విషయంలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టి, రైతుల మాట, డాక్టర్ల మాట విని, ఫిబ్రవరి 9న దాన్ని నిలిపివేశారు. జన్యుమార్పిడి ఆవాల కేసులో 2024 జూలై 23న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చినా, రైతులతో సహా అందరినీ సంప్రదించి జాతీయ విధానం తయారు చేయాలన్న విషయంలో ఒక్కమాట మీద నిలిచారు.

ఆ సంప్రదింపు ఢిల్లీలో జరిగితే చాలదు. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు బాపట్ల. తన తల్లి రకాన్ని సవరించి తెస్తున్నప్పుడు ఆ ఊళ్లోనే పాత సాంబ మసూరినీ కమలనూ పక్కపక్క మళ్లలో వేసి చూపించడం కష్టం కాదు. రేపల్లె ఉప్పు నేలలో ఒకటి, తెనాలి నల్లరేగడిలో ఒకటి వేయాలి. నాట్లనాడు, కోతనాడు రైతులను పిలవాలి. కుప్ప నూర్చినప్పుడు కాటా రైతుల ఎదుటే వేయాలి. సంచి మీద ఇది జన్యు సవరణ రకమని తెలుగులో అచ్చు వేయాలి. చట్టం అడగకపోయినా మర్యాద అడుగుతుంది. తినేవాడికీ పండించేవాడికీ తాను చేతిలోకి తీసుకుంటున్నది ఏమిటో తెలియాలి కదా!

చుట్టుపక్కల పొలాల మాట కూడా ఉంది. మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం చేసే రైతులు గణనీయంగా ఉన్నారు. వరిలో పుప్పొడి ద్వారా కలిసేది తక్కువే. కానీ కోత యంత్రం ఒక చేలోంచి మరో చేలోకి వెళ్లేటప్పుడు, మిల్లులో, గోనె సంచుల్లో గింజ కలుస్తుంది. తమ ధాన్యం వేరని చెప్పి అమ్ముకునే వారికి ఇది నష్టం. వారి మాటకు విలువ ఉండాలి.

కత్తెర యజమాని ఎవరు?

కమలను తయారు చేసింది ప్రభుత్వ సంస్థ. అంతవరకూ సంతోషమే. కానీ కత్తెర మనది కాదు. క్రిస్పర్ పద్ధతికి ఫ్రాన్సు శాస్త్రవేత్త షార్పెంటియర్‌కూ, అమెరికా శాస్త్రవేత్త డౌడ్నాకూ 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతిపై ముఖ్యమైన పేటెంట్లు విదేశీ విశ్వవిద్యాలయాల, సంస్థల చేతుల్లో ఉన్నాయి. వ్యవసాయంలో వాటి లైసెన్సుల విషయంలో కోర్టేవా అనే అమెరికా విత్తన కంపెనీకి పెద్ద చెయ్యి ఉంది. పరిశోధనకు వాడుకోవడం వేరు, విత్తనం చేసి అమ్మడం వేరు. ప్రభుత్వం ఏ షరతుల మీద విత్తనం విడుదల చేస్తుంది, రుసుము ఉంటే సంచి ధరలో కలుస్తుందా, ప్రైవేటు కంపెనీలకు ఆ రకాన్ని అప్పగిస్తే ఎవరికి అప్పగిస్తారు అన్న సంగతులు విత్తనం రాకముందే కాగితం మీద పెట్టి జనానికి చెప్పాలి.

మన చట్టాలు రైతుకు బలమైనవే. మొక్కలకు, విత్తనాలకు పేటెంట్ ఇవ్వరాదని భారత పేటెంట్ చట్టం చెబుతోంది. మరి జన్యువుకు పేటెంట్ ఉంటే అది విత్తనాన్ని పట్టుకోదా అన్న ప్రశ్నపై మోన్‌శాంటో, మన నూజివీడు సీడ్స్ ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేసును మళ్లీ విచారణకు ఢిల్లీ హైకోర్టుకు పంపింది. 2021లో రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి. అప్పటికే మోన్‌శాంటోను 2018లో జర్మనీకి చెందిన బేయర్ కొనేసింది. కంపెనీలు రాజీ పడితే కేసు ముగుస్తుంది. రైతు ప్రశ్న మాత్రం తేలకుండా మిగిలింది.

2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. నమోదైన రకమైనా సరే, రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కంపెనీ లాగా బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మకూడదు. ఈ హక్కు ఉన్నా 2019లో పెప్సీ కంపెనీ తమ బంగాళాదుంప రకం వేశారని గుజరాత్ రైతుల మీద కేసులు పెట్టింది. కొందరి నుంచి కోటి రూపాయలకు పైగా అడిగింది. దేశమంతా గగ్గోలు పుట్టాక ఆ ఏడాది మేలో కేసులు వెనక్కు తీసుకుంది. చట్టంలో హక్కు రాసి ఉండటం ఒకటి, అది మనకు తెలిసి ఉండటం మరొకటి.

పంట పోతే?

డెల్టాలో నాగలి పట్టేవారిలో కౌలుదార్లు ఎక్కువ. పంట పోతే మొదట మునిగేది వారే. మరి విత్తనం మాట తప్పితే ఏం చేయాలి?

అదే 2001 చట్టం ప్రకారం విత్తనం అమ్మేవారు ఆ రకం ఎలాంటి పరిస్థితుల్లో ఎంత పండుతుందో చెప్పాలి. అంత పండకపోతే ఆ చట్టం కింద ఏర్పడిన సంస్థ దగ్గర పరిహారం కోరవచ్చు. రెండో దారి వినియోగదారుల కోర్టు. జాతీయ విత్తన సంస్థ మీద ఆంధ్రప్రదేశ్ రైతులు నడిపిన కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు రైతుల పక్షాన తీర్పు చెప్పింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అంది. తెచ్చిన విత్తనమంతా చల్లేసే రైతు పరీక్షకోసం కొంత దాచిపెట్టాలని ఆశించలేమని కూడా అభిప్రాయపడింది.

అయితే బిల్లు లేకుండా ఏ కోర్టూ వినదు. సాగు చేసేవారి పేరు మీదే బిల్లు అడగాలి. లాటు నంబరు ఉన్న సంచి, చీటీ పంట ఇంటికి వచ్చేదాకా పారేయకూడదు. మొలక సరిగా రాకపోయినా, కేళీలు ఎక్కువ కనిపించినా పంట కోయకముందే రైతు సేవా కేంద్రంలో, మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి. కోసి కుప్ప వేశాక చూపించడానికి ఏమీ మిగలదు.

ఊరు అడగవలసినవి

కమల సంచి ఏదో ఒకనాడు మన ఊరి కొట్టుకు వస్తుంది. మూల విత్తనం, పునాది విత్తనం, ధ్రువీకరణ విత్తనం అనే మెట్లు ఎక్కి రావడానికి సమయం పడుతుంది. ఆ సమయాన్ని ఊరు వాడుకోవాలి. పంచాయతీలోనో, సొసైటీ మీటింగులోనో అధికారులు వచ్చినప్పుడు నాలుగు మాటలు అడగాలి. ఈ పంటలోంచి నేను విత్తనం దాచుకోవచ్చునా, ఆ మాట సంచి మీద రాసి ఇస్తారా? మా మండలంలో, మా నేలలో ఎక్కడ వేసి చూశారు, ఎన్ని బస్తాలు వచ్చాయి? ధరలో విదేశీ రుసుము ఎంత? పంట పోతే ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఈ నాలుగింటికీ నిలకడైన జవాబు వస్తే ఎకరంలో పది సెంట్లు వేసి చూడవచ్చు. రాకపోతే ఒక పంట ఆగినా మునిగేది లేదు. ఈ లోగా గాదెలో ఉన్న పాత సాంబ మసూరి విత్తనాన్ని మాత్రం వదులుకోకూడదు.

శాస్త్రం మీద కోపం రైతుకు ఎప్పుడూ లేదు. ఉంటే బి.పి.టి. 5204 ఇన్ని రాష్ట్రాలకు వెళ్లేదే కాదు. ఆ విత్తనాన్ని చేసినవారు రైతును నమ్మి చేతికిచ్చారు, రైతు తోటి రైతుకిచ్చాడు. దాని బిడ్డగా వస్తున్న కమల కూడా అలాగే రావాలని బాపట్ల, తెనాలి, రేపల్లె రైతులు కోరడం గొంతెమ్మ కోరిక కాదు. సంబంధిత అధికారులు, విశ్వవిద్యాలయం వారు, ప్రజాప్రతినిధులు ఈ విషయంలో ముందుగానే నోరు విప్పడం మంచిది.